ఐదు కాగితాల కింద

బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్, సఫోక్
1974 మార్చి 10

సిరిల్ బావగారికి,

మావిస్ అంత్యక్రియల రోజున మీతో సరిగా మాట్లాడలేకపోయాను. తుంటి విరిగి కూడా చక్రాల కుర్చీలో అంత దూరం వచ్చారు. అందుకు కృతజ్ఞత చెప్పడం ఆలస్యమైంది. ఫోన్‌లో మీకు వినపడటం లేదని మీ అమ్మాయి ఎనిడ్ చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

ఒక పని ఉంది. మావిస్ పోయినప్పటి నుంచి నేను మేడమీద పడుకోవడం లేదు. వంటింటి పక్కన ఆమె కుట్టుపని చేసుకునే చిన్న గదిని పడకగదిగా మార్చుకుందామని మిషను జరిపాను. వెనక ఉత్తరపు గోడ తడిగా ఉంది. వాల్‌పేపరు ఉబ్బింది, నొక్కితే లోపలికి పోతోంది. గోడంతా కాదు. నేల నుంచి పైకి, పద్దెనిమిది అంగుళాల వెడల్పున ఒక్కచోటే. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు.

డాక్టరు నా ఛాతీ విని, "ఆ గదిలో పడుకుంటే మళ్ళీ నా దగ్గరికే వస్తారు, లేదంటే నేరుగా చర్చి శ్మశానంలోకి వెళ్తారు" అన్నాడు. ఆయన హాస్యం అలాంటిది. కానీ ఈ ఇల్లు వదిలి నేను ఎక్కడికీ వెళ్ళదలచుకోలేదు. మావిస్‌తో ఉన్నది ఇక్కడే.

నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను కానీ గోడకు ఒక మేకు కొట్టి ఎరగను. అవన్నీ ఆమె చూసుకునేది. తాపీమేస్త్రీ కూతురు, మీలాంటి తాపీమేస్త్రీకి చెల్లెలు. ఎక్కడ మొదలుపెట్టాలో రాయండి.

లెనర్డ్


లోస్టాఫ్ట్
మార్చి 16

లెన్ మాస్టారూ,

నీ ఉత్తరం చదివి ఎనిడ్ అంది, "నాన్నా, మామయ్య సొంతంగా గోడ బాగుచేసుకుంటాడట. నవ్వకు!" అని. నవ్వలేదు. కొంచెమే నవ్వాను. మన మావిస్ ఉంటే "ఆయన చేతికి తాపీ ఇచ్చే బదులు పిల్లి చేతికివ్వండి, అది కనీసం గోడైనా ఎక్కుతుంది" అనేది. సరే, పనికొద్దాం.

ముందు బయటికెళ్ళు. తడి లోపల కనపడుతుంది కానీ సాధారణంగా బయట పుడుతుంది. చూరు కింద వాననీళ్ళ తొట్టిలో ఆకులు పేరుకున్నాయేమో చూడు. గొట్టం పగిలిందేమో చూడు. గోడ మొదట్లో మట్టి ఎగదోసి ఉంటే అడుగు లోతు తీసెయ్.

తర్వాత వంటింట్లో వాడే వెండి రేకు కాగితం ఒక ముక్క గోడకు పెట్టి, నాలుగువైపులా టేపు వేసి, రెండు వారాలు వదిలెయ్. నీటి బొట్లు గదివైపు పడితే అది నీ కెటిల్ ఆవిరి. గోడవైపు పడితే గోడే చెమ్మ కక్కుతోందని లెక్క.

కాగితం ఊడదీయాలంటే చాకుతో అడ్డంగా గీతలు పెట్టి, వేడినీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తడుపు. ఒక కప్పు టీ తాగి రా. వెడల్పాటి గీకుడు బద్దని గోడకు పడుకోబెట్టి నెట్టు, పొడవకు. పొడిచేవాణ్ణి మా నాన్న పనిలోంచి తీసేసేవాడు.

కానీ బావా, ఒక మాట చెప్పనా? అది పచ్చి మట్టి ఇటుకల గోడ, రెండొందల ఏళ్ళనాటిది. నీ వయసుకి ఆ తిప్పలు ఎందుకు? పైన ఇంకో కాగితం అంటించేసి మంచం దక్షిణపు గోడవైపు వేసుకో. మావిస్ కూడా అదేగా చేసేది.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
ఏప్రిల్ 7

సిరిల్ బావగారికి,

చూరు తొట్టి శుభ్రంగా ఉంది. గొట్టం పగల్లేదు. మట్టి తీసేశాను. రేకు పరీక్ష మూడుచోట్ల పెట్టాను. తడి లేనిచోట రెండు రేకులూ పొడిగా ఉన్నాయి. తడి ఉన్నచోట బొట్లు గోడవైపే పడ్డాయి.

"మావిస్ కూడా అదేగా చేసేది" అని రాశారు. ఆమె ఏం చేసేదో నాకు తెలియదు. ప్రతి కొన్నేళ్ళకూ ఈస్టరు సెలవుల్లో నేను బడి పిల్లల్ని కొండలెక్కించడానికి తీసుకెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చేసరికి ఆ గదికి కొత్త వాల్‌పేపరు ఉండేది. "పాతది చూసి చూసి విసుగొచ్చింది" అనేది. నేను నమ్మాను.

నిన్న పైకాగితం తీశాను. నారింజ రంగు వలయాలది. దాని కింద అంతకు ముందరి కాగితం ఉంది, పసుపు గులాబీలది. ఆ గులాబీల మీద, తడి పైఅంచున ఒక పెన్సిల్ గీత కనిపించింది. రసమట్టం పెట్టి గీసినంత తిన్నగా ఉంది. కింద ఆమె రాత:

"1971 ఏప్రిల్ 14. వాన. మావిస్."

మూడు నెలలుగా ఇంట్లో ఆమె చేతిరాత ఎక్కడా కొత్తగా కనపడలేదు.

ఇవాళ గులాబీలు తీశాను. కింద బూడిదరంగు ఆకుల కాగితం ఉంది. దానిమీదా గీత ఉంది, అదే ఎత్తులో.

"1966 ఏప్రిల్ 13. ఎండ, గాలి. గోకుడు వినపడుతోందేమిటని లెన్ అడిగాడు. ఎలుకలని చెప్పాను. మావిస్."

నేను అడిగిన సంగతి గుర్తుంది. ఎలుకల బోను కూడా కొన్నాను. ఏమీ పడలేదు.

లెనర్డ్


లోస్టాఫ్ట్
ఏప్రిల్ 12

లెన్,

గోడ మూసేముందు పేరు, తేదీ, ఆరోజు వాతావరణం రాయడం మా వాళ్ళ పద్ధతి. మా తాత రాసేవాడు, మా నాన్న రాసేవాడు. "నోరు మూసేది ఎవరో గోడకి తెలియాలి" అనేవాడు మా నాన్న. మావిస్ చిన్నప్పుడు బల్లమీద నిలబడి మా ఇద్దరి పేర్ల కిందా తన పేరు రాసేది. అదే అలవాటు. అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు.

గీత సంగతంటావా, తడి ఎంతవరకు ఎక్కిందో గుర్తు పెట్టుకుని ఉంటుంది. పనివాళ్ళు చేసే పనే. అయితే నీ కొలత తప్పు. నేలలోంచి వచ్చే నీరు నాలుగడుగులు దాటి ఎక్కదు. అదీ గోడ పొడుగునా బారుగా ఎక్కుతుంది, ఒక్కచోట నిట్టనిలువుగా కాదు. టేపు మళ్ళీ పెట్టి చూడు.

లేదా పెట్టకు. చూసింది చాల్లే. ఇక్కడితో ఆపు, బావా. కాగితం అంటించెయ్. పోయినవాళ్ళ పెట్టె తీసి చూడకూడదంటారే, ఇదీ అంతే.

ఎనిడ్ నీకు కేకు పంపుతోంది. తిను. పక్షులకు వెయ్యకు.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
ఏప్రిల్ 28

సిరిల్ బావగారికి,

నా కొలత తప్పు కాదు.

ఆపలేదు. మొత్తం ఐదు కాగితాలు. ప్రతిదాని కిందా ఒక గీత, ఒక తేదీ. ఆకుల కాగితం కింద నీలం చారలు, చారల కింద బాతులు. బాతుల కాగితం అన్నిటికంటే పాతది, పసిపిల్లల గదికి వేసేది. దాన్నీ తీస్తే మీరు పూసిన గట్టి గార వచ్చింది. దానిమీద మొదటి గీత. ఎత్తులు ఇవి. 1951లో మూడడుగుల ఒక అంగుళం. 1955లో నాలుగడుగులు. 1960లో నాలుగడుగుల పదిన్నర. 1966లో ఐదడుగుల నాలుగు. 1971లో అంతే. ఇవాళా అంతే.

నేను బడిలో ప్రతి సెప్టెంబరులో పిల్లల ఎత్తులు కొలిచి పట్టికలో రాసేవాణ్ణి. ఈ అంకెలు నాకు బాగా తెలిసినవే. మూడేళ్ళ పిల్ల, ఏడేళ్ళ పిల్ల, పన్నెండేళ్ళ పిల్ల. పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. వెడల్పు కూడా కిందినుంచి పైకి ఒకేలా లేదు. పైన, ఎనిమిది తొమ్మిది అంగుళాల మేర సన్నగా ఉంది.

మా పాప 1947 నవంబరు 19న పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. ఆసుపత్రివాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. ఎక్కడ పాతిపెట్టారో చెప్పలేదు. ఆ రోజుల్లో చెప్పేవారు కాదు. మేం అడగలేదు. ఆ తర్వాత నేనూ మావిస్ దాని గురించి మాట్లాడుకోలేదు. ఇరవై ఆరేళ్ళు. ఈ కుట్టుగది అప్పట్లో పాప కోసం సిద్ధం చేసిందే.

నిన్న పెటిట్ అనే బిల్డరు వచ్చి చూశాడు. స్క్రూడ్రైవరు గోడ మొదట్లో పెడితే పిడి వరకు దిగిపోయింది. "వచ్చే చలికాలం దాటదు సార్. ఈ గోడ కూర్చుంటే పైగది కూడా దానిమీదే కూర్చుంటుంది. గార మొత్తం కొట్టెయ్యాలి" అన్నాడు. కొట్టేస్తే మావిస్ మొదటి గీత పోతుంది. ఆ తడీ పోతుంది. కొట్టకపోతే ఇల్లే పోతుంది.

మీకు ఏదో తెలుసు. ఆ గోడ పూసింది మీరు. రాయండి.

లెనర్డ్


లోస్టాఫ్ట్
మే 3

లెన్,

తెలుసు. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను.

మట్టిగోడ నేలలోంచి నీరు తాగుతుంది, మళ్ళీ గాల్లోకి వదిలేస్తుంది. అందుకే దానిమీద సున్నపు గారే పూయాలి. సున్నం ఊపిరి పీల్చుకోనిస్తుంది. సిమెంటు పూశామా, నోరు కుట్టేసినట్టే. నీరు బయటికి రాలేక లోలోపలే పైకి ఎక్కుతుంది. ఇది మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

నాకు తెలిసే పూశాను. 1947 అక్టోబరు నెలాఖరు. సున్నపు గార మూడు పూతలు వేసి ఆరబెట్టాలంటే జనవరి అవుతుంది. మావిస్ నిండు పొట్టతో గుమ్మంలో నిలబడి అడిగింది, "అన్నయ్యా, పిల్ల వచ్చేసరికి గది ఆరుతుందా?" అని. "మూడ్రోజుల్లో ఆరకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాను. సిమెంటు కొట్టాను. ఆరింది. మా నాన్న బతికుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు. ఆ తొందర్లో పేరు రాయడం కూడా మర్చిపోయాను. నా బతుకులో సంతకం లేకుండా మూసిన గోడ అదొక్కటే.

తడి వస్తుందని నాకు తెలుసు కాబట్టి 1951 ఈస్టరుకి పనిముట్లు వేసుకుని వచ్చాను. నువ్వు కొండల్లో ఉన్నావు. సుత్తి తీశానో లేదో మావిస్ గోడకి అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టుకోకు."

"తడమ్మా, చెల్లీ. తప్పు నాది. రెండు వారాల్లో సరిచేస్తాను, ఒక్క పెన్నీ వద్దు."

"తడని నాకు తెలీదా? నేనూ నీ చెల్లెల్నే. మూడడుగుల ఒక అంగుళం ఉంది. పక్కింటి పిల్లకీ మూడేళ్ళే, అదీ అంతే."

సుత్తి సంచిలో పెట్టేశాను. "లెన్‌కి చెప్పావా?" అన్నాను.

"చెప్పను. నువ్వూ చెప్పకు. ఆయన టేపు తెచ్చి కొలుస్తాడు. ఆయన కొలిస్తే అది ఉత్త తడైపోతుంది."

అదీ జరిగింది. బాతుల కాగితం నేనే కొనిచ్చాను. ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు.

పెటిట్ చెప్పింది నిజం. కొట్టెయ్యాలి. కాగితాలు చుట్టి బీరువాలో దాచుకో. పైనుంచి మొదలుపెట్టి, ఉలి వాల్చి పట్టుకుని, చిన్న సుత్తితో కొట్టు. మూతికి గుడ్డ కట్టుకో. ఊడిన పలకలు పారెయ్యకు, ఒక్కొక్కటి బోర్లించి పెట్టు. గోడ ఎక్కడ పట్టింది, ఎక్కడ వదిలింది, పలక వీపు చెబుతుంది.

నన్ను క్షమించమని అడగను.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
మే 26

సిరిల్ బావగారికి,

పాప కోసం తొందరపడ్డారు. దానికి క్షమాపణ అక్కర్లేదు.

ఆమె అన్న మాట చదివాక వారం రోజులు టేపు ముట్టుకోలేదు. తర్వాత పని మొదలుపెట్టాను.

చుట్టూ ఉన్న గార గట్టిగానే పట్టుకుని ఉంది. తడి ఉన్నచోట మాత్రం వేలికణుపుతో కొడితే డొల్లగా మోగింది. నేను రెండుసార్లు కొట్టాను. మూడోసారి కూడా మోగింది. నేను కొట్టింది రెండేసార్లు. అలిసిపోయి ఉంటాను.

ఉలి పెట్టగానే ఆ భాగం ఒక్క పలకగా కదిలి నా చేతుల్లోకి వచ్చింది. తలుపు తెరుచుకున్నట్టుగా. వెనక మట్టిగోడకూ దానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. మట్టి చల్లగా, నున్నగా ఉంది. వాసన చెడ్డది కాదు.

ఆ మట్టిలో అడ్డంగా ఆరు గీతలు ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేయి వెడల్పు. తేదీలు లేవు, అక్షరాలు లేవు. గోరుతో గీసినంత సన్నగా ఉన్నాయి. ఇవి పైకి పెరిగే గీతలు కావు. కొలిచాను, మన్నించాలి. ఐదడుగుల ఆరంగుళాల దగ్గర మొదలై కిందికి దిగుతూ వచ్చాయి. ఐదోది ఐదడుగుల మూడు. ఆఖరిది ఐదడుగుల ఒకటిన్నర.

పెళ్ళినాటికి మావిస్ ఎత్తు ఐదడుగుల ఆరు. 1971లో మణికట్టు విరిగినప్పుడు ఆసుపత్రి కార్డులో ఐదడుగుల మూడని రాశారు. ఎముకలు అరిగి వంగిపోతున్నాయన్నారు. జనవరిలో శవపేటిక చేసినాయన టేపు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకున్న అంకె నేను చూశాను. ఐదడుగుల ఒకటిన్నర.

ఇటువైపు నుంచి ఆమె ఐదుసార్లు కొలిచింది. అటువైపు ఆరు గీతలున్నాయి.

లెనర్డ్


లోస్టాఫ్ట్
మే 30

లెన్,

కంగారు పడకు. ఆ గీతలు నావే. పూతకు పట్టు కోసం మట్టిగోడని గీకుతాం. అన్ని గోడల్లోనూ ఉంటాయి. నీకు మనసు బాగోక అంకెలు కలుస్తున్నాయి. తిండి తింటున్నావా అసలు?

గోడని జులై దాకా ఆరనివ్వు. కిటికీ తెరిచిపెట్టు, హీటరు పెట్టకు, పగులుతుంది. ఈలోగా నానబెట్టిన సున్నం, గరుకు ఇసుక, ఆవు బొచ్చు తెప్పించు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. బొచ్చుని గడ్డకట్టకుండా చేత్తో విదిలిస్తూ కలపాలి. గోడని ముందు నీళ్ళతో తడుపు, లేదంటే పూతలో నీరంతా అదే తాగేస్తుంది. మూసెయ్. ఇంకేం చూడకు.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
జూన్ 9

సిరిల్ బావగారికి,

పలకలు బోర్లించి పెట్టమని మీరే రాశారు. ఆ పలక వీపు చూశాను. మీరు గోడను గీకిన చారల్లోకి అప్పట్లో సిమెంటు దిగి, వాటి అచ్చు పలక మీద గట్లుగా పడింది. అవి అడ్డదిడ్డంగా, ఏటవాలుగా ఉన్నాయి. ఆ ఆరు గీతల అచ్చు మాత్రం ఎక్కడా లేదు.

అంటే మీరు గోడ మూసేనాటికి ఆ గీతలు లేవు.

నిజం రాయండి.

లెనర్డ్


లోస్టాఫ్ట్
జూన్ 14

లెన్,

అబద్ధం రాశాను. తిన్నగా అడ్డంగీతలు మేం గీయం. అలా గీస్తే పూత జారిపోతుంది. అవి నావి కావు.

నువ్వు పలక తిప్పి చూస్తావని అనుకోలేదు. నేనే నేర్పాను, నేనే దొరికిపోయాను. ఎనిడ్ ఉత్తరం చదివింది. "నాన్నా, మామయ్యని ఇక్కడికి వచ్చెయ్యమని రాయి, ఇవాళే రాయి" అంటోంది. రాశాను. రావాలనుంటే రా. సముద్రం ఉంది, చేపలున్నాయి, నా గురక ఉంది.

కానీ నువ్వు రావు, నాకు తెలుసు. అందుకని మేస్త్రీగా ఒక్కటే చెబుతాను. యాభై ఏళ్ళు గోడలు పూశాను. నేను విన్న శబ్దాలన్నీ ఎలుకలూ, గొట్టాలూ, వేడికి సాగే చెక్కలూనే. ఈ గోడ గురించి నాకేమీ తెలియదు. లోపల ఏదైనా ఉంటే, ఇరవై ఆరేళ్ళు దాని నోరు మూసింది నేనే. మళ్ళీ ఆ పని చెయ్యకు. సున్నం పెట్టు, పలచగా పెట్టు, మూడు పూతలు. పైన కాగితం వద్దు, రంగూ వద్దు.

మూసేముందు సంతకం పెట్టు. నేను పెట్టలేదు.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
సెప్టెంబరు 22

సిరిల్ బావగారికి,

పని అయిపోయింది.

సున్నం కోసం వెళ్తే కొట్టులో కుర్రాడు, "సున్నమా? మీరు ఏ కాలంలో ఉన్నారండీ, సిమెంటు బస్తా కారులో వేసేదా?" అన్నాడు. మా బావ ఒప్పుకోడని చెప్పాను. బొచ్చు కోసం పెటిట్ తోళ్ళ కార్ఖానాకి రాశాడు. మొదటి పూత సగం నా బూట్ల మీద పడింది. మావిస్ ఉంటే పిల్లి గురించి అనేదని మీరు రాసింది గుర్తొచ్చింది. రెండో పూతకు చెయ్యి కుదిరింది. మూడు వారాలు తడి గోనెలు వేలాడదీశాను. మీరు చెప్పినట్టే బొటనవేలి గోరు దిగనంత గట్టిపడ్డాకే తర్వాతి పూత వేశాను.

మొదటి పూతకు ముందు సంతకం పెట్టాను. అసలు గోడకు వీపు ఆనించి, రసమట్టం నెత్తిమీద పెట్టుకుని, చెయ్యి వెనక్కి చాచి గీత గీద్దామనుకున్నాను. గోరుతో ప్రయత్నించాను. మట్టి అప్పటికే ఎండిపోయింది, గోరు దిగలేదు. మేకుతో గీశాను. ఐదడుగుల తొమ్మిదిన్నర. ఆ ఆరు గీతల పక్కనే. కింద రాశాను, "1974 జులై 20. మబ్బు. లెనర్డ్. సిరిల్ తరఫున కూడా."

వీపు చల్లబడింది. మట్టి కదా.

ఇప్పుడు గోడ తెల్లగా ఉంది, పొడిగా ఉంది. రేకు పరీక్షలో ఒక్క బొట్టు లేదు. మంచం వేసుకున్నాను. ఛాతీ తేలికపడింది. ఎలుకల శబ్దం లేదు. ఇంట్లో ఏ శబ్దమూ లేదు. ఇలా రాయకూడదేమో కానీ, గోడను బాగుచేసి తప్పు చేశాననిపిస్తోంది. మావిస్ ఇన్నేళ్ళు కాపాడిందాన్ని నేను ఒక్క వేసవిలో ఆరబెట్టేశాను.

లెనర్డ్


లోస్టాఫ్ట్
సెప్టెంబరు 29

లెన్,

తప్పు చెయ్యలేదు. గోడ నిలబెట్టావు. ఇంక నీకు "మాస్టారు" బిరుదు పీకేస్తున్నాను, ఇకనుంచి మేస్త్రీవే.

ఒక్క సంగతి. సున్నం ఆరడమంటే చావడం కాదు. ఏళ్ళ తరబడి గాలి పీలుస్తూ గట్టిపడుతుంది. ఓపిక పట్టు.

నా తరఫున పేరు రాసినందుకు... ఎనిడ్ నా చేతిలో కలం లాక్కుంటోంది, కాగితం తడిసిపోతోందట.

సిరిల్


బ్రాక్‌ఫీల్డ్ గ్రీన్
1975 మార్చి 2

సిరిల్ బావగారికి,

చలికాలం గడిచింది. గోడ కూర్చోలేదు. ప్రతి ఆదివారం చెయ్యి వెనకవైపు గోడకు ఆనించి చూస్తున్నాను. పొడిగానే ఉంది. మీ పనితనానికి మచ్చ రాలేదని మీకు చెప్పాలి.

ఫిబ్రవరి 9న, ఉదయం కిటికీ తెర తీసినప్పుడు, పక్కగా పడిన వెలుగులో గోడమీద ఒక గీత కనిపించింది. అరచేయి వెడల్పు. తాపీ అంచు తగిలిందనుకున్నాను. కానీ సెప్టెంబరు నుంచి నేను ఆ గోడను రోజూ చూస్తున్నాను. పక్కనే మేకుతో గీసి చూశాను. సున్నం రాయిలా ఉంది, సన్నటి గాటు పడడానికి మూడుసార్లు లాగాల్సి వచ్చింది. ఆ గీత ఒక్కసారి లాగి గీసినది. అది లోపల లేదు. గదివైపు ఉంది, మంచం పక్కన.

ఎత్తు ఐదడుగుల తొమ్మిదింబావు. నాది తొమ్మిదిన్నర కదా, కాబట్టి నాకు సంబంధం లేదనుకున్నాను.

ఫిబ్రవరి 20న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఛాతీ శుభ్రంగా ఉందన్నాడు. బరువు చూసి, బల్లకు నిలబెట్టి ఎత్తు కూడా చూశాడు. "పావంగుళం తగ్గారు సార్. వయసు. కంగారు పడకండి" అన్నాడు.

కంగారు పడలేదు. ఇంటికొచ్చి కెటిల్ పెట్టుకుని, ఆ గది గుమ్మంలో నిలబడి టీ తాగాను. మావిస్ చెప్పింది నిజం. నేను కొలుస్తాను, ఆ అలవాటు పోదు. ఆ అలవాటు నా ఒక్కడిదే కాదేమో.

మీ పద్ధతి ప్రకారం గీత కింద పెన్సిల్‌తో తేదీ రాశాను. వాన అని రాశాను. పక్కన పేరు కోసం చోటు వదిలాను. పాపకు మేం పేరు పెట్టలేదు.

మీకేదైనా తోస్తే రాయండి.

లెనర్డ్